నడిసముద్రంలోని ఆయిల్ టెర్మినల్‌కి ట్యాంకర్‌ను తీసుకెళ్లి కట్టడం ఎలా

రేవులో బెర్త్ అంటే కదలని గోడ. ఓడ పక్కకు చేరాక ముందూ వెనకా తాళ్లు బిగిస్తే సగం టెన్షన్ తీరిపోతుంది. తీరానికి దూరంగా ఉండే ఎగుమతి టెర్మినల్‌లో చాలాచోట్ల ఆ గోడ ఉండదు. నీళ్లలో తేలుతున్న ఒక బోయ్ ఉంటుంది. ఓడ ముక్కును ఒకటో రెండో లావుపాటి తాళ్లతో దానికి కట్టి, మిగతా ఓడనంతా గాలికీ ప్రవాహానికీ వదిలేస్తారు. గాలి మళ్లినప్పుడల్లా బోయ్ చుట్టూ తిరుగుతూనే ఆ ఓడ దాదాపు ఇరవై లక్షల బ్యారెళ్ల ముడి చమురు నింపుకుంటుంది.

అలాంటి టెర్మినల్‌కి మొదటిసారి వెళ్తున్న డెక్ ఆఫీసర్ కోసం ఇది రాస్తున్నాను. ఓడను నడిపే నిర్ణయాలు కెప్టెన్‌వీ, టెర్మినల్ పంపే మూరింగ్ మాస్టర్‌వీ. అయినా మీరు బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద ఉన్నా, ఫోక్సిల్ (ముక్కు దగ్గరి డెక్) మీద ఉన్నా, మానిఫోల్డ్ (హోసులు బిగించే పైపుల చోటు) దగ్గర ఉన్నా పని మొత్తం ఎలా సాగుతుందో తెలిస్తేనే మీ వంతు సరిగ్గా చేయగలరు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క విషయం గుర్తుంచుకోమంటాను: ఏ దశలోనైనా ఓడను వెనక్కి మళ్లించుకునే దారి తెరిచి ఉండాలి. ఆ దారి మూసుకుపోయే చోటు ఎక్కడో ముందే తెలుసుకుని, అక్కడికి చేరకముందే ‘వెళ్దామా, వద్దా’ అన్నది తేల్చుకోవాలి.

వెళ్లేది ఎలాంటి బెర్త్‌కో తెలుసుకోండి

నిండు లోడ్‌తో ఉన్న వీఎల్‌సీసీ, అంటే బాగా పెద్ద ముడి చమురు ట్యాంకర్, నీటి కింద 20 మీటర్లకు పైగా మునిగి ఉంటుంది. అంత లోతున్న రేవులు తక్కువ. అందుకే చమురును పైప్‌లైన్లలో లోతున్న చోటికి పంపి, ఓడనే అక్కడికి రప్పిస్తారు. అమెరికాలో లూసియానా తీరానికి సుమారు 29 కిలోమీటర్ల దూరంలో లూప్ అనే టెర్మినల్ 1981 నుంచి పనిచేస్తోంది. దిగుమతి కోసం కట్టిన ఆ బోయ్‌ల దగ్గరే 2018 నుంచి ఎగుమతికీ వీఎల్‌సీసీలను నింపుతున్నారు. నల్లసముద్రంలో రష్యా రేవు నోవోరోసిస్క్ దగ్గర కజకిస్తాన్ చమురు బోయ్‌ల మీదుగా బయటికి వెళ్తుంది. ఇరాక్‌లోని బస్రా టెర్మినల్‌లో ఓడలు సముద్రంలో స్తంభాల మీద కట్టిన ప్లాట్‌ఫామ్ పక్కన నిలుస్తాయి. ఇవి కాక చమురును నిల్వ చేసే ఎఫ్‌పీఎస్‌వో ఓడ వెనక తాడుతో కట్టుకుని నింపుకునే పద్ధతి కూడా ఉంది.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం బోయ్ గురించే. దాన్ని సింగిల్ పాయింట్ మూరింగ్, పొట్టిగా ఎస్‌పీఎం అంటారు. నాలుగు నుంచి ఎనిమిది లంగరు గొలుసులు బోయ్‌ను సముద్రపు అడుగుకు పట్టి ఉంచుతాయి. అడుగున పైప్‌లైన్ ముగిసే చోట వాల్వులున్న ఒక కట్టడం ఉంటుంది. అక్కడి నుంచి నీటి కింది హోస్ బోయ్ దాకా, బోయ్ నుంచి నీటి మీద తేలే హోస్ ఓడ దాకా వస్తాయి. బోయ్ పైభాగం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఓడ ఎటు తిరిగితే తాళ్లూ హోసులూ అటే తిరుగుతాయి.

కట్టే తాడును హాసర్ అంటారు. సుమారు యాభై మీటర్ల పొడవుండడం మామూలు. దాని ఓడవైపు కొసకు 76 మిల్లీమీటర్ల గొలుసు ఉంటుంది, దాన్నే చేఫ్ చెయిన్ అంటారు. ఆ గొలుసుకు మరో తేలే తాడు, పికప్ రోప్. మీరు ముందు పైకి లాగేది పికప్ రోప్‌ను, చివరికి ఓడను పట్టి ఉంచేది గొలుసును. ఈ రెండింటి పనులూ వేరని ఇప్పుడే మనసులో పెట్టుకోండి, ముందుముందు ఇదే కీలకం అవుతుంది.

వారం ముందే లెక్కలు తేల్చుకోండి

టెర్మినల్ సమాచార పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి. ఒక్కో టెర్మినల్ పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ నేను చెప్పేదానికీ అందులో ఉన్నదానికీ తేడా వస్తే పుస్తకాన్నే పాటించాలి. కట్టడానికి ఎంత గాలి, ఎంత అల దాకా ఒప్పుకుంటారు, ఏ స్థాయిలో లోడింగ్ ఆపుతారు, ఏ స్థాయిలో ఓడను విడిపిస్తారు అనే మూడు సంఖ్యలనూ విడిగా రాసి బ్రిడ్జిలో అతికించండి.

ప్యాసేజ్ ప్లాన్ (ప్రయాణ ప్రణాళిక) బెర్త్ నుంచి బెర్త్ దాకా ఉండాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంవో 1999లో ఇచ్చిన ఎ.893 తీర్మానం చెబుతుంది. పైలట్ ఎక్కే చోటుతో ప్లాన్ ఆపేయకండి. బోయ్ చుట్టూ ఓడ తిరిగే వలయం, పక్క బోయ్‌లు, పైప్‌లైన్లు, లంగరు వేయకూడని ప్రాంతం అన్నీ ఎక్‌డిస్‌లో, అంటే ఎలక్ట్రానిక్ చార్టులో, గీసి పెట్టండి. సముద్రంలోని ఇలాంటి కట్టడాల చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టుకునే హక్కు అంతర్జాతీయ సముద్ర చట్టం తీరదేశాలకు ఇచ్చింది. అనుమతి రాకముందు ఆ గీత దాటకూడదు. రానూపోనూ దారుల్లో ఓడ ఏ చోటు దాటితే ఇక వెనక్కి మళ్లలేదో కూడా గుర్తు పెట్టండి.

తర్వాత నీటి లోతు. వచ్చేటప్పుడు ఓడ ఖాళీగా ఉంటుంది కాబట్టి లోతు గురించి ఎవరూ పెద్దగా బెంగపడరు. అసలు లెక్క వెళ్లేటప్పుడు. ఓడ కదులుతున్నప్పుడు ఇంకొంచెం కిందికి దిగుతుంది, దాన్ని స్క్వాట్ అంటారు. విశాలమైన నీళ్లలో బ్లాక్ కోఎఫిషియంట్‌ను (నీటి కింది ఓడ ఆకారం పెట్టెకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె) నాట్లలో ఉన్న వేగం వర్గంతో గుణించి వందతో భాగిస్తే అది మీటర్లలో సుమారుగా తెలుస్తుంది. 0.82 ఉన్న ఓడ 6 నాట్ల దగ్గర 30 సెంటీమీటర్లు దిగితే, 10 నాట్ల దగ్గర 82 సెంటీమీటర్లు దిగుతుంది. ఇరుకైన చానల్‌లో ఇది దాదాపు రెట్టింపు. ఒరుగును కూడా కలపండి. 60 మీటర్ల వెడల్పున్న ఓడ ఒక్క డిగ్రీ ఒరిగితే ఒక పక్క అరమీటరు కిందికి దిగుతుంది. స్వెల్‌లో (దూరం నుంచి వచ్చే పొడవాటి అలల్లో) ఎగిరిపడే కదలిక దీనికి అదనం. ఇవన్నీ తీసేశాక ఓడ కింద మిగిలే నీరు టెర్మినల్ అడిగినంత ఉందో లేదో చూసి, ఎంత సరుకు నింపగలమో అప్పుడు తేల్చాలి. లోడింగ్ సగంలో ఈ లెక్క మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఓడలో ఉన్న సామాను టెర్మినల్‌కి సరిపోతుందా అన్నది కూడా ఇప్పుడే చూడండి. ఫోక్సిల్ మీద 76 మిల్లీమీటర్ల గొలుసును పట్టే చెయిన్ స్టాపర్లు ఉండాలి, వీఎల్‌సీసీకైతే రెండు. ముందున్న ఫెయిర్‌లీడ్ (తాడు ఓడలోకి వచ్చే కంత) నుంచి అవి 2.7 నుంచి 3.7 మీటర్ల లోపలికి ఉండాలని చమురు కంపెనీల సముద్ర వేదిక ఓసీఐఎంఎఫ్ సిఫారసు. పికప్ రోప్‌ను లాగే డ్రమ్ ఖాళీగా, కనీసం 15 టన్నులు లాగగలిగేలా ఉండాలి. ఓడ సొంత తాడు దాని మీద చుట్టి ఉంటే ముందుగానే తీసేయండి. ఫెయిర్‌లీడ్, స్టాపర్, డ్రమ్ ఒకే వరుసలో ఉన్నాయో లేదో స్వయంగా నిలబడి చూడండి. వరుస తప్పితే తాడు పక్కకు లాగుతుంది, మనుషులకు దెబ్బలు తగిలేది అలాంటప్పుడే.

చేరే ముందు రోజు

స్టీరింగ్ గేర్, రెండు పంపులూ, ఎమర్జెన్సీ స్టీరింగ్ పరీక్షించండి. ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ నడిపి చూడండి. వెనక్కి నడిపే పరీక్షను వదిలేయడానికి ఏ సాకూ ఒప్పుకోవద్దు. బోయ్ ముందు ఓడను ఆపేది అదే. చాలా ట్యాంకర్లలో ఇంజిన్‌ను గాలి పీడనంతో స్టార్ట్ చేస్తారు. దిశ మార్చే ఇంజిన్ అయితే, మళ్లీ గాలి నింపకుండా కనీసం 12 సార్లు స్టార్ట్ అయ్యేంత నిల్వ ఉండాలన్నది ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే వర్గీకరణ సంస్థల నియమం. పన్నెండు అంటే చాలా అనిపిస్తుంది, కానీ బోయ్ దగ్గర ఇంజిన్‌కు చిన్న చిన్న కిక్‌లు ఇస్తూ పోతే త్వరగా కరిగిపోతాయి. ఎయిర్ బాటిళ్లలో పీడనం ఎంతుందో ఇంజిన్ రూమ్ నుంచి ఎప్పటికప్పుడు అడగండి.

బ్యాలస్ట్ (ఖాళీ ఓడలో బరువు కోసం నింపే నీరు) సంగతి. ఓడల కాలుష్యాన్ని ఆపే ఒప్పందం మార్పోల్ ప్రకారం ఖాళీ ట్యాంకర్ మధ్యభాగం డ్రాఫ్ట్ (నీటి కింద మునిగిన లోతు) ఓడ పొడవులో 2 శాతానికి 2 మీటర్లు కలిపినంతైనా ఉండాలి, వెనక వైపు ఒరుగు (ట్రిమ్) పొడవులో 1.5 శాతం మించకూడదు, ప్రొపెల్లర్ పూర్తిగా మునగాలి. 320 మీటర్ల ఓడకు ఇది 8.4 మీటర్ల డ్రాఫ్ట్, 4.8 మీటర్ల ట్రిమ్. ఇది కనీసం మాత్రమే. చాలా టెర్మినళ్లు ఇంకా ఎక్కువ అడుగుతాయి, నా ఉద్దేశంలోనూ ఎక్కువే మంచిది. ఓడ పైకి తేలిన కొద్దీ గాలికి తగిలే గోడ పెరుగుతుంది, హోస్‌ను ఎత్తాల్సిన ఎత్తు పెరుగుతుంది, ముక్కు కింద ముందుకు పొడుచుకొచ్చే బల్బ్ నీటి పైభాగానికి వచ్చి బోయ్‌కి తగిలే ప్రమాదమూ పెరుగుతుంది. ఖర్చు మిగులుతుందని బ్యాలస్ట్ ముందే తోడేయడం ఇక్కడ కూడని పని.

లంగరు విషయంలో కొత్తవాళ్లకు తికమక వస్తుంది. మామూలు రేవుకు వెళ్లేటప్పుడు లంగర్లను దించడానికి సిద్ధంగా ఉంచుతాం. బోయ్ దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం. కింద పైప్‌లైన్ ఉంది, బోయ్ గొలుసులున్నాయి. అందుకే టెర్మినల్ చెప్పిన గీత దాటేముందు లంగర్లను పూర్తిగా బిగించి, పొరపాటున కూడా జారకుండా చూసి, ఆ మాట బ్రిడ్జికి చెప్పి లాగ్‌బుక్‌లో రాయాలి.

మూరింగ్ మాస్టర్ ఎక్కాక

ఖాళీ వీఎల్‌సీసీ డెక్ నీటి మట్టానికి ఇరవై మీటర్ల ఎత్తులో ఉండొచ్చు. 9 మీటర్లు దాటితే పైలట్ నిచ్చెన ఒక్కటే సరిపోదు, అకామడేషన్ లాడర్‌తో కలిపి కట్టాలి. ఆఫీసర్ స్వయంగా వెళ్లి చూడాలి. మూరింగ్ మాస్టర్‌తో పాటు సహాయకుడు, హోస్ బిగించే మనుషులు, వాళ్ల పనిముట్ల సంచులు కూడా వస్తాయి. సంచుల్ని తాడుతో విడిగా పైకి లాగండి, నిచ్చెన ఎక్కే మనిషి చేతిలో ఏదీ ఉండకూడదు.

పైలట్ కార్డు ఇచ్చి సంతకం పెట్టించుకోవడంతో మాట్లాడుకోవడం అయిపోయిందనుకోకండి. ఏ వైపు నుంచి వెళ్తాం, ఏ దూరంలో ఎంత వేగం ఉండాలి, టగ్‌లు ఎన్ని, ఎక్కడ, లాంచీ ఏ రేడియో చానల్‌లో వింటుంది, హోసులు ఏ పక్కకు లాగి పెడతారు అన్నవన్నీ అందరి ముందూ మాట్లాడుకోవాలి. ఆ తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఎక్కడిదాకా వెళ్లాక ఇక మళ్లలేం, మళ్లాల్సి వస్తే ఏ వైపు? జవాబు చార్టు మీద గీతగా ఉండాలి. జూనియర్ ఆఫీసర్ అడిగినా ఇది మర్యాదకు లోటు కాదు. మంచి మూరింగ్ మాస్టర్ సంతోషంగా చెబుతారు.

ఏ దిశ నుంచి వెళ్లాలి

కట్టాక ఓడ ఏ దిశలో నిలబడుతుందో, ఆ దిశలోనే బోయ్ దగ్గరికి వెళ్లాలి. గాలి, ప్రవాహం, అలలు మూడూ కలిసి ఆ దిశను నిర్ణయిస్తాయి. నిండు ఓడ ఎక్కువగా ప్రవాహం మాట వింటుంది, ఖాళీ ఓడ గాలి మాట వింటుంది. అందుకే పక్క బోయ్‌కి కట్టి ఉన్న నిండు ట్యాంకర్‌ను చూసి మీ ఖాళీ ఓడ కూడా అలాగే నిలబడుతుందనుకుంటే పొరపాటు. అలాంటి ఓడ కనిపిస్తే దాని డ్రాఫ్ట్ ఎంతో కూడా చూడండి. బోయ్ నుంచి తేలే హోసులు ఎటు సాగి ఉన్నాయో చూస్తే పైపొర ప్రవాహం తెలుస్తుంది. లాంచీని అడిగితే బోయ్ దగ్గరి గాలి చెబుతారు.

ఆ దిశలోనే, అంటే గాలీ ప్రవాహమూ ముక్కు మీదికి వచ్చేలా, కనీసం రెండు మూడు మైళ్ల ముందే వరుస పట్టండి. ఆలస్యంగా తిప్పితే తిరుగుడు ఆగకముందే బోయ్ వచ్చేస్తుంది.

బోయ్‌ను సూటిగా ముక్కు మీద పెట్టుకోకూడదు. మామూలు కుడిచేతి ప్రొపెల్లర్ ఉన్న ఓడ వెనక్కి ఇంజిన్ ఇచ్చినప్పుడు స్టర్న్ (ఓడ వెనక భాగం) ఎడమకు, ముక్కు కుడికి తిరుగుతుంది. కాబట్టి బోయ్‌ను కొంచెం ఎడమ ముక్కు మీద ఉంచుకుంటే, ఓడను ఆపేటప్పుడు ముక్కు దానంతటదే బోయ్ నుంచి దూరం జరుగుతుంది. చాలా టెర్మినళ్లలో హోసులు కూడా ఎడమ వైపు మానిఫోల్డ్‌కే బిగిస్తారు. ప్రవాహానికి అవి ఓడ వచ్చే దారిలోకే సాగి ఉంటాయి కాబట్టి లాంచీ గానీ టగ్ గానీ పక్కకు లాగి పట్టుకోవాలి. హోసులు తప్పించామని వాళ్లు చెప్పిందాకా ముందుకు వెళ్లొద్దు.

వేగమే అసలు సంగతి

ఫుల్ స్పీడ్‌లో ఉన్న ఓడ ఫుల్ ఆస్టర్న్ (వెనక్కి పూర్తి ఇంజిన్) ఇచ్చాక దాని పొడవుకు పదిహేను రెట్ల దూరంలోపు ఆగాలని ఐఎంవో ప్రమాణం. బాగా పెద్ద ఓడలకు దాన్ని ఇరవై దాకా పెంచుకోవచ్చు. వీఎల్‌సీసీ విషయంలో పదిహేను రెట్లంటేనే దాదాపు 5 కిలోమీటర్లు. అందుకే వేగం తగ్గించడం ఎప్పుడూ ముందే మొదలుపెట్టాలి.

టెర్మినల్ వేరే అంకెలు ఇవ్వకపోతే ఇలా అనుకోండి: మూడు మైళ్ల దగ్గర 5 నుంచి 6 నాట్లు, ఒక మైలు దగ్గర 3 నాట్ల లోపు, రెండు ఓడ పొడవుల దగ్గర ఒక నాట్ లేదా అంతకన్నా తక్కువ. చివరి మీటర్లలో అరనాట్ కూడా ఎక్కువే. ఒక నాట్ అంటే నిమిషానికి 31 మీటర్లు. ఈ ఒక్క అంకె కంఠతా ఉంటే దూరం వినగానే ఎన్ని నిమిషాలు మిగిలాయో మనసులోనే తేలిపోతుంది. లాగ్‌లో కనిపించే వేగం నీటితో పోలిస్తే ఎంతో, భూమితో పోలిస్తే ఎంతో తేడా తెలుసుకుని చదవండి. బోయ్ నేలకు కట్టి ఉంది, కాబట్టి దూరానికి భూమి మీది వేగమే లెక్క. చుక్కానికి మాత్రం నీటి వేగమే ఆధారం.

మెల్లగా వెళ్లడంలోనూ ఇబ్బంది ఉంది. వేగం బాగా తగ్గాక చుక్కాని పట్టు పోతుంది, ఖాళీ ఓడను గాలి పక్కకు నెడుతుంది. అప్పుడు చుక్కానిని పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఇంజిన్‌ను కొద్ది సెకన్లు ముందుకు ఇస్తారు. ఓడ తిరుగుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. వెనక కట్టిన టగ్ కూడా ఇదే పనికి. అది వెనక్కి లాగుతూ ఉంటే ఇంజిన్‌ను ముందుకు నడిపి చుక్కానికి నీరు అందించవచ్చు.

ఒక నాట్ దగ్గర ఉండాల్సిన చోట రెండు నాట్లుంటే, ముక్కు వరుస తప్పి తిరిగి రాకపోతే, హోస్ దారిలో ఉంటే, లాంచీ రేడియో పలకకపోతే, వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆపేసి బయటికి వెళ్లి మళ్లీ రండి. ఇంకో రెండు గంటలు పోతాయి. అంతకుమించి నష్టం లేదు. ‘దగ్గరికి వచ్చేశాం కదా’ అనే మాట బ్రిడ్జి మీద ఎవరి నోటి నుంచి వచ్చినా అది హెచ్చరిక అనే నేను తీసుకుంటాను.

చివరి 500 మీటర్లు: ఫోక్సిల్ మీద మీ పని

బ్రిడ్జి నుంచి ముక్కు పావు కిలోమీటరుకు పైగా దూరంలో ఉంటుంది. ముక్కు ముందు రెండు ఓడ పొడవులు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించి నీరు కనపడకుండా పోకూడదని సముద్ర భద్రతా ఒప్పందం సోలాస్ చెబుతుంది. అంటే ఆ లోపలి భాగం బ్రిడ్జికి కనపడకపోవచ్చు. ఖాళీ ఓడలో సరిగ్గా అవసరమైన సమయానికే బోయ్ ముక్కు కింద మాయమవుతుంది. అక్కడి నుంచి ఫోక్సిల్ మీదున్న మీ మాటే బ్రిడ్జికి కళ్లు.

దూరాన్ని మీటర్లలో, దిశను ముక్కు నుంచి డిగ్రీల్లో లేదా గడియారం అంకెల్లో చెప్పండి. మధ్యలో మాట ఆగకూడదు. ‘దగ్గరగా ఉంది’ అనే మాటతో ఎవరికీ పని జరగదు. ‘బోయ్ 150 మీటర్లు, ఎడమ ముక్కు మీద 10 డిగ్రీలు, మెల్లగా దగ్గరవుతోంది’ అంటే పని జరుగుతుంది.

ఓడ దాదాపు ఆగాక మెసెంజర్ తాడును ఫెయిర్‌లీడ్ లోంచి లాంచీకి దించండి. వాళ్లు దాన్ని పికప్ రోప్‌కి ముడేస్తారు. లాంచీ మీ ముక్కు కింద ఉన్నంతసేపూ ఇంజిన్ ఎవరూ తాకకూడదు, తాకాల్సి వస్తే ముందు లాంచీని పక్కకు పంపాలి. ముడి పడ్డాక లాంచీ తప్పుకుందని చూసి వించ్‌ను మెల్లగా నడపండి. పికప్ రోప్ ఫెయిర్‌లీడ్, స్టాపర్ మీదుగా డ్రమ్‌కు వస్తుంది.

ఇప్పుడు ఆ కీలకం. పికప్ రోప్‌తో గొలుసును పైకి లాగాలి, ఓడను బోయ్ దగ్గరికి లాగకూడదు. తాడు బిగుసుకుని కర్రలా అయితే వించ్ ఆపండి, బ్రిడ్జికి చెప్పండి, ఓడను ఇంజిన్‌తో కొంచెం ముందుకు రానివ్వండి. ఇంత బరువున్న ఓడను ఆ తాడు లాగలేదు, తెగుతుంది. తెగిన తాడు వెనక్కి కొట్టే దారిలో ఎవరూ నిలబడకూడదు. వించ్ నడిపేవాళ్లు, చేతి సైగ ఇచ్చే ఒక్క మనిషి తప్ప మిగతా వాళ్లందరూ వెనక్కి ఉండాలి. ఫోన్‌లో వీడియో తీయడానికి ఫెయిర్‌లీడ్ దగ్గరికి వెళ్లేవాళ్లను కచ్చితంగా ఆపండి.

గొలుసు స్టాపర్ దాటి లోపలికి వచ్చాక స్టాపర్ నాలుకను (గొలుసును పట్టే మీటను) దించి, పిన్ను పెట్టండి. తర్వాత పికప్ రోప్‌ను వదులు చేయండి. బరువంతా స్టాపర్ మీద పడిందో లేదో కళ్లతో చూసి చెప్పండి. రెండో గొలుసుకూ ఇదే వరుస. రెండింటి లోపలి పొడవు సమానంగా ఉంటేనే బరువు రెండింటి మీదా సమానంగా పడుతుంది. టగ్‌ను వెనక సెంటర్ లీడ్‌కు కట్టి మెల్లగా లాగనిస్తే ఓడ హాసర్ పొడవు మేర బోయ్‌కి దూరంగా నిలబడుతుంది.

హోస్ బిగించడం

మానిఫోల్డ్ దగ్గర డ్రిప్ ట్రే ఖాళీగా, స్కప్పర్లు (డెక్ మీది నీరు బయటికి పోయే కంతలు) మూసి, ఫైర్ హోసులు సిద్ధంగా ఉంచండి. క్రేన్ సామర్థ్యం టెర్మినల్ అడిగినంత ఉందని ముందే రాసి ఇచ్చి ఉంటారు. నీళ్లలోంచి హోస్‌ను ఎత్తేటప్పుడు ఓడ, హోస్ రెండూ అలలకు కదులుతుంటాయి. పైకి లేచే అల చూసి ఎత్తండి. డెక్ అంచు కమ్మీ మీదికి వచ్చాక హోస్ బరువును గొలుసుతో డెక్ మీది బిట్‌లకు (తాళ్లు కట్టే ఇనుప గుంజలకు) వేలాడదీయాలి. బరువు ఫ్లేంజ్ (పైపు కొసలు కలిసే చోటు) మీద పడితే జాయింట్ కారుతుంది. బ్లాంక్ (హోస్ కొసను మూసే మూత) తీసే ముందు లోపల పీడనం లేదని చూడాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉన్న చమురైతే గ్యాస్ మీటర్ లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు.

నింపుతున్నంతసేపూ

మొదలుపెట్టే ముందు షిప్-షోర్ చెక్‌లిస్ట్‌ను ఓడవాళ్లూ టెర్మినల్‌వాళ్లూ కలిసి పూర్తి చేయాలి. ఆపమనే సైగ ఏమిటి, ఏ రేడియో చానల్, అది పనిచేయకపోతే ఏది అన్నది అందులో అన్నిటికన్నా ముఖ్యం. ట్యాంకుల్లో ఆక్సిజన్ 8 శాతం దాటకూడదు. మొదట తక్కువ రేటుతో తెరిచి, చమురు అనుకున్న ట్యాంకులోకే వస్తోందని, ఎక్కడా కారడం లేదని, సముద్రం మీద జిడ్డు లేదని చూశాక రేటు పెంచమనండి.

వాల్వుల విషయంలో ఒక్క నియమం: పంపు ఆగకముందు ఓడ వైపు వాల్వును ప్రవాహానికి అడ్డంగా మూయకూడదు. కిలోమీటర్ల పొడవున్న చమురు ఒక్కసారిగా ఆగితే పుట్టే పీడనం హోస్‌ను చీల్చేస్తుంది. హోసు వరుసలో విడిపోయే కప్లింగ్ ఉంటే ఇలాంటి పీడనానికో, మితిమీరిన లాగుడుకో అది విడిపోయి రెండు వైపులా మూసుకుంటుంది. దాని మీద భరోసా పెట్టుకుని పని చేయొద్దు.

ఫోక్సిల్ మీద ఇరవై నాలుగు గంటలూ కాపలా ఉండాలి. బోయ్ ఎంత దూరం, ఏ దిశ, గొలుసు ఎలా ఉంది, తాడు బిగుతు ఎంత, హోస్ ఎటు సాగి ఉంది అన్నది క్రమం తప్పకుండా చెప్పించుకోండి. గాలి గట్టిగా ఉన్నప్పుడు తాడు బిగుసుకుని ఉంటుంది కాబట్టి అందరూ అప్రమత్తంగానే ఉంటారు. నాకు ఎక్కువ భయం ప్రశాంతమైన వేళలంటేనే. గాలి పడిపోయి, ప్రవాహం మళ్లే సమయంలో తాడు వదులై ఓడ మెల్లగా జరిగి బోయ్ మీదికి వస్తుంది. రాత్రి రెండు గంటలకు కాపలా మనిషి కునికితే ఎవరికీ తెలియదు. టగ్ వెనక్కి లాగుతూనే ఉండాలి. టగ్ లేనప్పుడు ఇంజిన్‌ను అతి మెల్లగా వెనక్కి తిప్పాల్సి రావచ్చు. ఇంజిన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలనడానికి కారణం ఇదే. ఇంజిన్ రిపేరు చేసుకోవడానికి ఇది సమయం కాదు.

ఉరుముల మేఘం రాడార్ మీద కనిపిస్తే గాలి ఒక్కసారిగా మళ్లుతుంది. నోవోరోసిస్క్‌లో బోరా అనే చల్లగాలి కొండల మీంచి హఠాత్తుగా దిగి వస్తుంది. ఏ టెర్మినల్‌కి ఏ గాలి శత్రువో అక్కడి పుస్తకంలోనే రాసి ఉంటుంది. గోడ మీద అతికించిన ఆ మూడు సంఖ్యల్లో మొదటిది దగ్గరపడుతుంటే మూరింగ్ మాస్టర్‌ను లేపండి.

సరుకుతో పాటు బ్యాలస్ట్ తోడుతుంటారు కాబట్టి ఓడ నడుము మీద పడే వంపు బలం, కోత బలం ప్రతి గంటా చూడాలి. చివరి ట్యాంకులు నింపేటప్పుడు రేటు తగ్గించమని ఎంత ముందు చెప్పాలో మొదట్లోనే ఒప్పుకుని ఉండాలి.

ప్లాట్‌ఫామ్ పక్కన కట్టాల్సి వస్తే

ఇక్కడ టగ్‌లే ముఖ్యం. ప్రవాహానికి ఎదురుగా, ప్లాట్‌ఫామ్‌కు సమాంతరంగా వచ్చి, కనీసం ఒక ఓడ వెడల్పు దూరంలో పూర్తిగా ఆగాలి. తర్వాత టగ్‌లు పక్కకు నెడతాయి. ఫెండర్లకు తగిలే వేగం సెకనుకు 10 సెంటీమీటర్ల లోపు ఉండాలి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. మూడున్నర లక్షల టన్నుల బరువుతో సెకనుకు 10 సెంటీమీటర్ల దగ్గర 1.75 మెగాజౌళ్లయితే 20 దగ్గర 7 మెగాజౌళ్లు. ముందు ఒక చివర, తర్వాత ఇంకో చివర కాకుండా రెండు చివర్లూ ఒకేసారి ఆనాలి. ఓడ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే స్ప్రింగ్ తాళ్లు ముందు వేస్తే లోడింగ్ ఆర్మ్‌ల ఎదురుగా మానిఫోల్డ్‌ను నిలిపి ఉంచవచ్చు. ఓడ కిందికి దిగుతున్న కొద్దీ తాళ్లు వదులవుతాయి, నీటి పోటుకు బిగుస్తాయి. రెండింటినీ చూస్తూ సర్దుతుండాలి.

విడిపించి బయటికి రావడం

పంపు ఆగాక హోస్‌లో మిగిలింది ఖాళీ చేసి, వాల్వులు మూసి, బ్లాంక్ బిగించి, మెల్లగా నీళ్లలోకి దించండి. హోసులు పక్కకు వెళ్లాయని లాంచీ చెప్పాక గొలుసు వంతు.

నాలుక తీయాలంటే గొలుసు మీద బరువు ఉండకూడదు. టగ్ లాగడం తగ్గించి ఓడను కొద్దిగా ముందుకు రానిచ్చి, పికప్ రోప్‌తో గొలుసును కొంచెం ఎత్తి నాలుక తీయండి. సుత్తితో కొట్టి బలవంతంగా తీయొద్దు. తర్వాత పికప్ రోప్‌ను డ్రమ్ మీంచి అదుపులోనే వదలండి, ఒక్కసారిగా పరుగెత్తనిస్తే డెక్ మీద ఎవరినైనా కొడుతుంది. చివరి కొస నీళ్లలో పడగానే బ్రిడ్జికి చెప్పండి.

వెంటనే ముందుకు ఇంజిన్ ఇవ్వకూడదు. తేలుతున్న పికప్ రోప్, హోసులు ముందే ఉన్నాయి. టగ్ వెనక్కి లాగుతుండగా ఓడ సూటిగా వెనక్కి వెళ్లాలి. బోయ్, తాళ్లు, హోసులు అన్నీ ముక్కుకు బాగా దూరమయ్యాయని ఫోక్సిల్ నుంచి మాట వచ్చాకే హోసులు లేని వైపుకు తిప్పాలి. ఇప్పుడు ఓడ నిండుగా ఉంది. వచ్చేటప్పుడు గాలి వినిపించిన మాట ఇప్పుడు ప్రవాహం వినిపిస్తుంది, ఆగడానికి పట్టే దూరం బాగా పెరిగింది, కింద నీరు తగ్గింది. వచ్చిన దారిలోనే వచ్చినట్టే వెళ్దాం అనుకోకుండా, వారం ముందు వేసిన స్క్వాట్ లెక్కను అసలు డ్రాఫ్ట్‌లతో మళ్లీ వేసి, చానల్ బయటికి వచ్చేదాకా ఆ వేగం దాటకండి.

మూరింగ్ మాస్టర్ దిగే ముందు గొలుసు లింకులు, పికప్ రోప్, హోస్ బ్లాంక్ గ్యాస్కెట్లు మీకు కనిపించిన స్థితిలో ఎలా ఉన్నాయో చెప్పండి. అరిగిన లింకో, పీచు లేచిన తాడో చూసి ఉంటే ఫోటోలతో సహా ఇవ్వండి. రేపు అదే గొలుసుకు ఇంకో ఓడను కడతారు.